జాగ్రత్త: 'ట్రీ పైథాన్ స్పెషల్' పెట్టెలో ఉన్నది థర్మోస్టాట్ కాదు, ఫ్యాన్ రెగ్యులేటర్

కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాక రాస్తే మెత్తబడిపోతానని ఇప్పుడే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఇది ఆ రెడీమేడ్ ఎన్‌క్లోజర్లు, అంటే పాముల్ని ఉంచే పెట్టెలు, అమ్మే పెద్దమనిషి గురించి. పేరు రాయను. పాములు పెంచేవాళ్లలో ఆయన వీడియోలు చూడనివాళ్లు లేరు. పొగమంచు, ప్లాస్టిక్ ఆకులు, వెనక జలపాతం చప్పుడు, మధ్యలో కొమ్మ మీద చుట్ట చుట్టుకున్న ఆకుపచ్చ పాము. అవును, అతనే. ఆ వీడియోకే పడిపోయాను నేను.

నా సంగతి టూకీగా చెప్తాను. నాకిది మొదటి పాము. గ్రీన్ ట్రీ పైథాన్, అంటే చెట్ల మీద బతికే ఆకుపచ్చ కొండచిలువ, దాని పిల్ల, నిమ్మపండు రంగు. (పిల్లప్పుడు పసుపో, ఇటుక రంగో ఉండి తర్వాత ఆకుపచ్చకి మారతాయి, మీకు తెలిసిందే.) పిల్ల ఇంకా దాన్ని పొదిగించి పెంచినాయన దగ్గరే ఉంది. "పెట్టె ఖాళీగా వారం నడిపి, వేడి ఎంత, తేమ ఎంత అని రోజూ రాసి నాకు పంపండి. అవి చూశాకే పిల్లనిస్తాను" అన్నారాయన. అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు రెండు చేతులా దండం పెడుతున్నాను.

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. పిల్లకి మొదట్లో గాలి ఆడే చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో రెండు సన్నని అడ్డకర్రలు చాలు, పెద్ద పెట్టెలో వదిలితే బెదిరిపోయి తిండి మానేయొచ్చు అని. నేను వింటేనా! ఎలాగూ పెరుగుతుంది కదా అని పెద్ద పామంత పెట్టె ఇప్పుడే ఆర్డర్ పెట్టేశాను. ఆరు నెలలు చదివాను దీని గురించి. ఆరు నెలలు! చదివిందంతా ఒక వీడియో ముందు గాలికి పోయింది.

పెట్టె వచ్చింది. బయటికి చాలా అందంగా ఉంది, అది ఒప్పుకోవాలి. లోపలికి తొంగి చూస్తే ఒక్కటీ చెట్టు మీద బతికే పాము కోసం చేసింది కాదు. వేడి కోసం అడుగున హీట్ ప్యాడ్, దాని మీద నాలుగు వేళ్ల మందాన కొబ్బరి పొట్టు. ట్రీ పైథాన్ పగలంతా కొమ్మ మీదే పడుకుంటుంది, దానికి కింది నుంచి వేడి ఎందుకు? పైన సెరామిక్ హీటర్ ఒకటి ఉంది కానీ చుట్టూ జాలీ లేదు. కొమ్మకి జానెడు దూరం. వేడి వస్తువుని పాము వెళ్లి చుట్టుకుంటుంది, ఒళ్లు కాలుతున్నా వెంటనే వదలదు. కాలిన మచ్చలతో పాముల ఫోటోలు మీరూ చూసే ఉంటారు.

గాలి సంగతి సరేసరి. రెండు రంధ్రాలు, రెండూ ఒకే పక్క, రెండూ పైనే. గాలి లోపలికి వచ్చేదెలా, పోయేదెలా? ఈ పాములు న్యూ గినీ అడవుల్లోవి, ఆస్ట్రేలియా ఉత్తరాన కేప్ యార్క్‌లోనూ ఉంటాయి. వాన అడవి అంటే ఎప్పుడూ తడిసి ముద్దవ్వాలని ఇతని లెక్క కాబోలు. అక్కడ వాన పడుతుంది, గాలి వీస్తుంది, ఆకులు ఆరతాయి. పెట్టెలోనూ అంతే. నీళ్లు జల్లాక తేమ 70, 80 శాతం దాకా వెళ్లి, మళ్లీ మెల్లగా 50 దాకా దిగి ఆరాలి. ఎప్పుడూ తడిగా, గాలాడకుండా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు, పొట్ట పొలుసులు కుళ్లడం. మరీ పొడిగా ఉంటే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి ఒంటికే అతుక్కుపోతుంది. నా పెట్టెలో పొద్దున జల్లిన నీళ్లు రాత్రికీ అద్దం మీద కారుతూనే ఉన్నాయి. నాలుగో రోజుకి అడుగు చెక్క ఉబ్బింది. వాటర్‌ప్రూఫ్ అన్నాడు. పొట్టు పక్కకి జరిపి చూస్తే రంపం కోసిన అంచులకి ఏ పూతా లేదు, పచ్చి చెక్కే.

ఇక కర్ర. మన సామెత ఉంది కదా, పాము చావకుండా కర్ర విరగకుండా అని. నా విషయంలో కర్ర మాత్రం విరిగింది. విరగడం కూడా కాదు, ఊడింది. నా మణికట్టంత లావు కొమ్మ, ఏటవాలుగా, గోడకి వేడి జిగురుతో అతికించి ఉంది. ట్రీ పైథాన్‌కి కావలసింది నేలకి సమాంతరంగా ఉండే అడ్డకర్ర, లావు దాని నడుమంత. దాని మీద జీను వేసినట్టు చుట్టలు వేసుకుని మధ్యలో తల పెట్టుకుంటుంది. పైగా కర్ర ఊడదీసేలా ఉండాలి. ఈ పాముని కర్ర మీంచి లాగకూడదు, పట్టు వదలదు, లాగితే నడుముకి దెబ్బ. పాము కూర్చున్న కర్రనే ఎత్తి బయటికి తెస్తారు. ఈ పెట్టెలో కర్ర ఊడదీయడానికి రాదు, దానంతటది మాత్రం ఊడి పడుతుంది. రెండో రోజు వేడికి జిగురు కరిగి అర్ధరాత్రి ఢామ్మని పడింది. నేను లేచి కూర్చున్నాను.

ఇవన్నీ కూడా సర్దుకునేవాణ్నే. నిజం. కర్ర మార్చుకుంటా, జాలీ బిగించుకుంటా, రంధ్రాలు నేనే వేసుకుంటా అనుకున్నాను. మొదటిసారి కొన్నవాడికి ఉండే పిచ్చి అది, పెట్టిన డబ్బు వృథా కాలేదని తనకి తానే చెప్పుకోవడం.

థర్మోస్టాట్ దగ్గర ఆగిపోయాను. పెట్టెలో వేడి ఎక్కువైతే హీటర్ ఆపి, తగ్గితే మళ్లీ వేయాల్సింది అదే.

నల్ల డబ్బా, తిప్పే బటన్, చుట్టూ అంకెలు, 20 నుంచి 40 దాకా. 30 మీద పెట్టాను. కొమ్మ మీద వెచ్చని చోట 30, 31, చల్లని వైపు 25, 26 ఉంటే చాలు కదా. కర్ర మీద ఒక డిజిటల్ థర్మామీటర్, అవతలి మూల ఒకటి పెట్టి మూడు పూటలా రాసుకున్నాను. రాత్రి కర్ర మీద 27. పొద్దున 31. మధ్యాహ్నం 41. బటన్ ముట్టుకోలేదు నేను. మర్నాడూ అంతే. గది వేడెక్కితే పెట్టె వేడెక్కుతోంది, గది చల్లబడితే చల్లబడుతోంది. అప్పుడు వెలిగింది బుర్ర, ఈ డబ్బాకి సెన్సర్ వైరు ఏది? లోపలి వేడి చూసి హీటర్ ఆపాలంటే చూసే కన్ను లోపల ఉండాలి కదా. వెతికాను. వైరు లేదు. ప్యాకింగ్ అంతా మళ్లీ తిరగేశాను, ఎక్కడో పడేశానేమో అని నన్నే తిట్టుకుంటూ.

ఫోన్ చేశాను. మర్యాదగానే అడిగాను.

"సార్, సెన్సర్ ఇన్‌బిల్ట్ సార్. డబ్బాలోనే ఉంటుంది."

"డబ్బా పెట్టె బయట ఉంది కదండీ. మరి లోపలి వేడి దానికెలా తెలుస్తుంది?"

"కనిపెట్టేస్తుంది సార్. మీరు కొత్త కదా, టెన్షన్ పడకండి."

"మధ్యాహ్నం 41 చూపిస్తోందండీ. పిల్ల అందులో ఉంటే చచ్చిపోయేది."

"పామే కదా సార్. అడ్జస్ట్ అయిపోతుంది. వేడంటే వాటికి ఇష్టం."

సరేనండీ అన్నాను. అవును, సరేనండీ అన్నాను! ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది. అతను ఫోన్ పెట్టేశాననుకున్నాడు, పెట్టలేదు. నేను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాను. పక్కన ఎవరితోనో అంటున్నాడు, "పుస్తకాలు చదివిన బ్యాచ్‌లో ఇంకోడు. సెన్సర్ కావాలంట. పాము ఎలాగూ ఆర్నెల్లలో పోతుంది, మళ్లీ మన దగ్గరికే వస్తాడు." పక్కవాడు నవ్వాడు. అప్పుడు లైను కట్టయింది.

చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. సరుకు బాగోలేకపోవడం వేరు, చేతకాక తప్పు చేయడం వేరు. ఇతనికి తెలుసు. పాము చస్తుందని తెలుసు, దాన్ని లెక్కలో వేసుకునే అమ్ముతున్నాడు. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది.

స్క్రూడ్రైవర్ తెచ్చి డబ్బా విప్పాను. నేతి బీరకాయలో నెయ్యెంతో అందులో థర్మోస్టాటంత. లోపల ఉన్నది ఫ్యాన్ రెగ్యులేటర్. బటన్ చుట్టూ 1 నుంచి 5 దాకా ఉండాల్సిన చోట టెంపరేచర్ అంకెల స్టిక్కర్ అతికించాడు. స్టిక్కర్ కూడా వంకరగా.

ఫోటోలు తీసి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. డబ్బు వెనక్కివ్వమన్నాను. "విప్పిన వస్తువుకి గ్యారంటీ ఉండదు" అని ఒక్క ముక్క. తర్వాత బ్లాక్.

పెంపకందారుకి అంతా చెప్పి ఆ వీడియో కూడా పంపాను. ఆయన చూసి నవ్వారు. "అందులో ఉన్నది ట్రీ పైథానే కాదు, ఎమరాల్డ్ ట్రీ బోవా. వీపు మీద అడ్డంగా తెల్లటి గీతలు చూడండి" అన్నారు. దక్షిణ అమెరికా పాము. రంగు అదే, కొమ్మ మీద కూర్చునే తీరు అదే, జాతి మాత్రం పూర్తిగా వేరు. అమ్మేవాడికి తను చూపించే పామేదో కూడా తెలియదు. ఆరు నెలలు చదివిన నాకూ తెలియలేదు, అది వేరే సిగ్గు.

మీరు కొనబోతుంటే నాలుగు ముక్కలు. పెద్దగా ఏం లేదు. థర్మోస్టాట్‌కి సెన్సర్ వైరు ఉందో లేదో ముందు చూడండి, ఆ సెన్సర్ పాము కూర్చునే ఎత్తులో పెట్టండి. వేడి పైనుంచి రావాలి, పైకప్పుకి బిగించే రేడియంట్ ప్యానెల్ (పలకలా ఉండే హీటర్) అయితే మేలు, పాము దాన్ని చుట్టుకోలేదు. గోడకి అతికించే, గడియారంలా ముల్లు తిరిగే మీటర్లు నమ్మకండి. నాకొచ్చిన తేమ మీటర్ తడిగుడ్డలో చుట్టినా 60 దగ్గరే నిలబడింది. పాము రాకముందే పెట్టె ఖాళీగా కనీసం వారం నడపండి, మధ్యాహ్నం కూడా చూడండి, రాత్రి ఒక్కటీ చూసి సరిపెట్టుకోకండి. ఎవరైనా 'స్పెషల్' అంటే కర్ర ఊడదీసి చూపించమని అడగండి.

పిల్ల క్షేమం. నిన్న రెండో సారి తిన్నదట. ఆయన చెప్పిన చిన్న డబ్బా ఇవాళ తెచ్చుకున్నాను, లోపల వెచ్చని వైపు కర్ర మీద 30 దగ్గర నిలకడగా ఉంది, అసలు థర్మోస్టాట్‌తో.

ఆ పెట్టె ఎవరికైనా ఊరికే ఇచ్చేద్దామా అని ఒక క్షణం అనుకున్నాను. ఇవ్వను. ఎవరో ఒకరు అందులో ఒక ప్రాణిని పెడతారు. ఆదివారం విడగొట్టేస్తున్నాను. అద్దాలు మాత్రం ఉంచుకుంటాను, అవి బాగానే ఉన్నాయి.