ముక్కు కడిగే సీసా: పనికొచ్చేదే, కానీ ఆరబెట్టడం మరవకండి

వానలు తగ్గి, విశాఖలో కైలాసగిరి కొండ వాలుల మీదా ఖాళీ స్థలాల్లోనూ గడ్డి కంకి తీసే రోజుల్లో పొద్దున్నే వరస తుమ్ములు, కళ్ల దురద, ముక్కు దిబ్బడ మొదలయ్యేవాళ్లు ఈ పిండే సీసాను నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు. ముక్కు లోపలి పొరకు అంటుకున్న పుప్పొడినీ, సైనస్ దారుల్లో పేరుకున్న చీమిడినీ ఇది కడిగేస్తుంది. ఎలర్జీని మాత్రం పోగొట్టదు.

మెత్తటి ప్లాస్టిక్ సీసా, 240 మి.లీ. దగ్గర గీత, మూత నుంచి అడుగుదాకా దిగే సన్న గొట్టం. ఉన్నదంతా ఇంతే. గొట్టం మూతకు గట్టిగా బిగిసిందో లేదో చూసుకోవాలి. వదులైతే ఎంత పిండినా గాలే వస్తుంది. 0.9 శాతం ఉప్పునీటికి 240 మి.లీ.కి రెండు గ్రాములు దాటి ఉప్పు పడుతుంది. దీనికోసం అమ్మే ఉప్పు పొట్లంలో అది కొలిచే ఉంటుంది, మంట తగ్గడానికి కాస్త వంటసోడా కూడా. వంటింటి చెంచాతో ఆ లెక్క కుదరదు, ఉప్పు పలుకును బట్టి బరువు మారిపోతుంది. ఉప్పు వేయని నీళ్లయితే ముక్కు భగ్గుమంటుంది.

నీళ్ల దగ్గర రాజీ వద్దు. కుళాయి నీళ్లయినా, ఫిల్టర్ నీళ్లయినా కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి, గోరువెచ్చగా చల్లార్చాకే పొయ్యాలి. తాగితే ఏమీ చేయని అమీబా ముక్కు గుండా మెదడుకు చేరితే ప్రాణాంతకం.

సింకు మీదికి వంగి, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటూ మెల్లగా పిండాలి. ఒక ముక్కురంధ్రంలో సగం, రెండో దాంట్లో సగం. గట్టిగా నొక్కితే, లేదా మధ్యలో గుటక వేస్తే నీళ్లు చెవి వైపు వెళ్లి చెవులు దిబ్బళ్లు వేస్తాయి. అయ్యాక తల అటూ ఇటూ వంచి, రెండు రంధ్రాలూ మూయకుండానే నెమ్మదిగా చీదాలి. చెవులు తొందరగా దిబ్బడేసేవాళ్లకు పిండకుండా ముక్కులోకి నీళ్లు వంచే కొమ్ముచెంబు, అంటే జలనేతి చెంబే నయం. చిక్కటి చీమిడికి మాత్రం ఈ సీసా ఒత్తిడే మేలు.

విశాఖ ఉక్కలో అసలు చిక్కు ఆరబెట్టడమే. మూత బిగించి బాత్‌రూమ్‌లో వదిలేస్తే గొట్టం లోపల జిగట పడుతుంది. ఏ భాగానికా భాగం విప్పి, సబ్బుతో కడిగి, గొట్టం నిలువుగా వేలాడదీసి గాలి తగిలేచోట పెట్టండి. పొట్లాలు గాలి చొరని డబ్బాలో ఉంచకపోతే గడ్డకడతాయి. మూడు నెలలకు కొత్త సీసా.

డాక్టర్ స్టెరాయిడ్ స్ప్రే రాసి ఉంటే ముందు కడిగి, తర్వాతే కొట్టాలి. స్ప్రే కొస ముక్కు మధ్యగోడ వైపు కాక చెవి వైపు ఉండాలి, లేకపోతే రక్తం కారవచ్చు. పూర్తి ఫలితానికి రెండు వారాలు పడుతుంది. దిబ్బడ వెంటనే విప్పే చుక్కలు ఐదు రోజులు దాటి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుంది.

పన్నెండు వారాలైనా దిబ్బడా, మొహం బరువూ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ చూడాల్సిందే. కన్ను వాచినా, చూపు మసకబారినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా అదే రోజు వెళ్లండి.