సీడీ బూట్ లేని పాత కంప్యూటర్ ఉందా? గోటెక్ డ్రైవ్ తీసుకోండి

మా ఇంట్లో పెంటియం 100 ఒకటి ఉంది, దానిలో నెట్‌బీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలని ఎప్పటినుంచో కోరిక. యూఎస్‌బీ నుంచి బూట్ కాదు, సీడీ నుంచీ కాదు. సీడీ బూటింగ్‌కు వాడే ఎల్ టొరిటో పద్ధతి వచ్చిందే 1995లో, మా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) అసలు ఆ ఆప్షనే లేదు. ఇక ఫ్లాపీలే దిక్కు. ఆన్‌లైన్‌లో ఒకచోట పది ఫ్లాపీల ప్యాకెట్ కొంటే నాలుగింటిలో బ్యాడ్ సెక్టార్లు, అంటే చదవడానికి రాని పాడైన భాగాలు. మొదటి ఫ్లాపీ చక్కగా లోడవుతుంది, రెండోది సగంలో ఆగిపోతుంది, మళ్లీ మొదటికి రావాలి. రెండు ఆదివారాలు ఇలాగే పోయాయి.

తర్వాత గోటెక్ ఫ్లాపీ ఎమ్యులేటర్ తెప్పించాను. సైజు మామూలు ఫ్లాపీ డ్రైవ్‌దే, అదే 34 పిన్నుల కేబుల్, డిస్క్ పెట్టే చోట మాత్రం యూఎస్‌బీ పోర్టు ఉంటుంది. కంప్యూటర్‌కు అది పెన్‌డ్రైవ్ అని తెలియనే తెలియదు, ఫ్లాపీ అనుకుంటుంది.

కొన్న వెంటనే ఫర్మ్‌వేర్ (గోటెక్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) మార్చండి, ఇది మాత్రం మానొద్దు. కంపెనీ ఫర్మ్‌వేర్ పెన్‌డ్రైవ్‌ను 1.44 ఎంబీ ముక్కలు చేస్తుంది, వాటిలో ఇమేజ్‌లు (ఫ్లాపీలో ఉండేదంతా ఒకే ఫైల్‌గా చేసినవి) పెట్టాలంటే విండోస్‌లో వేరే సాఫ్ట్‌వేర్ వాడాలి. కియర్ ఫ్రేజర్ రాసిన ఫ్లాష్‌ఫ్లాపీ ఉచితం, అది వేస్తే మామూలు ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలు. ఈ ఫర్మ్‌వేర్ గోటెక్‌లోకి ఎక్కించడానికి రెండు కొసలా ఒకే రకం పెద్ద ప్లగ్ ఉన్న యూఎస్‌బీ కేబుల్ కావాలి, అది వెతకడానికే నాకు ఎక్కువ టైం పట్టింది.

నెట్‌బీఎస్‌డీ బూట్ ఇమేజ్‌ల పేర్ల చివర ఎఫ్‌ఎస్ అని ఉంటుంది, నేను ఐఎంజీ అని మార్చుకున్నాను. మొదటి ఇమేజ్ బూట్1 సైజు 14,74,560 బైట్లు ఉందో లేదో చూసుకోండి, 80 ట్రాకులు, రెండు వైపులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టార్‌కు 512 బైట్లు, లెక్క అంతే. పక్కన ఇచ్చిన చెక్‌సమ్‌తో (ఫైల్ చెడిపోలేదని చూసుకునే కోడ్) కూడా పోల్చుకుంటే టెన్షన్ ఉండదు. బూటింగ్‌లో తర్వాతి డిస్క్ పెట్టమని అడిగినప్పుడు గోటెక్ మీద బటన్ ఒక్కసారి నొక్కి ఎంటర్ కొట్టాను, ఒక్క ఎర్రర్ లేకుండా ఇన్‌స్టాలర్ వచ్చేసింది! మిగతా ఇన్‌స్టాల్ ఫైళ్ల సెట్లన్నీ త్రీకామ్ 3సీ509 నెట్‌వర్క్ కార్డు మీదుగా లాన్‌లోంచి దిగాయి.

గోటెక్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటే కేబుల్ తిరగేసి పెట్టినట్టు. కేబుల్‌లో మెలిక దాటాక ఉన్న కనెక్టరే A: డ్రైవ్‌ది. మూడంకెల డిస్‌ప్లేలో ఫైల్ పేర్లు కనబడవు, 000, 001 అని నంబర్లే, కాబట్టి ఏది ఏదో కాగితం మీద రాసుకోవాలి, లేదా చిన్న ఓలెడ్ స్క్రీన్ పెట్టించుకోవాలి.

అసలు ఫ్లాపీ డ్రైవ్‌ను మాత్రం పారేయకండి. ఇంట్లో పాత డిస్కుల్లో ఏమైనా ఉంటే, వాటిని చదవాలంటే అదే కావాలి, గోటెక్ వల్ల కాదు.