‘స్ట్రెస్ ప్యాకేజీ’ రక్తపరీక్షలు: ఏది పనికొస్తుంది, ఏది దండగ

నిద్ర పట్టనివాళ్ల కోసమంటూ డయాగ్నొస్టిక్ ల్యాబులు అమ్మే ‘స్ట్రెస్ ప్యాకేజీ’లు దాదాపు ఒకే మూస: పొద్దుటి కార్టిసాల్ (ఒత్తిడి హార్మోను), హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, చూపేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), సీబీపీ (రక్తకణాల లెక్క), విటమిన్ బీ12. గిరాకీ తెచ్చేది కార్టిసాల్. పనికొచ్చేవి మిగతావి.

కార్టిసాల్ గంటగంటకీ మారుతుంది. నిద్ర లేచాక అరగంట, ముప్పావుగంటలో బాగా పెరిగి, రోజంతా దిగుతూ, అర్ధరాత్రికి అడుగంటుతుంది. నిద్రలేమిలో, డిప్రెషన్‌లో తేడా ఉంటే ఎక్కువగా సాయంత్రం, రాత్రి బయటపడుతుంది. దిగాల్సిన వేళ దిగదు. పొద్దున 8కి తీసిన రక్తంలో అది ఎలా దొరుకుతుంది? పైగా నార్మల్ రేంజే డెసీలీటరుకి సుమారు 5 నుంచి 25 మైక్రోగ్రాములు. వారాలుగా నిద్ర లేనివాళ్లకీ ‘నార్మల్’ అనే రావచ్చు.

తప్పుదారి పట్టించేవీ ఉన్నాయి. గర్భనిరోధక మాత్రలు అంకెను పెంచుతాయి. స్టెరాయిడ్ మాత్రలు, ఇన్‌హేలర్లు తగ్గించగలవు. జుట్టు కోసం వాడే బయోటిన్ కొన్ని మెషీన్లలో రిజల్టునే తారుమారు చేస్తుంది. నైట్ షిఫ్టు వాళ్లకి పొద్దుటి రేంజ్ వర్తించదు. శాంపిల్ తీసుకునేటప్పుడు ఇవేవీ అడగని ల్యాబు రిపోర్టుని పక్కన పెట్టేయండి.

హెచ్‌ఎస్-సీఆర్‌పీకి కొంత అర్థం ఉంది. కార్టిసాల్ మామూలుగా ఇన్‌ఫ్లమేషన్‌కి బ్రేకు. ఒత్తిడి ఏళ్లతరబడి సాగితే రోగనిరోధక కణాలు ఆ బ్రేకుకి లొంగడం తగ్గిస్తాయి. అందుకే కార్టిసాల్ నార్మల్‌గా ఉన్నా సీఆర్‌పీ పెరగొచ్చు. కానీ అధిక బరువు, చిగుళ్ల వాపు కూడా దాన్ని పెంచుతాయి. లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటితే ముందు ఇన్‌ఫెక్షన్‌ని అనుమానించి, తగ్గాక రెండు వారాలకి మళ్లీ చేయించాలి. ఇమ్యూనిటీ లెక్క కావాలంటే నిద్ర గంటలే చూడండి: 2015లో అమెరికాలో 164 మంది నిద్రని చేతి పరికరంతో కొలిచి, ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేశారు. 6 గంటలలోపు నిద్రపోయినవాళ్లకి జలుబు చేసే అవకాశం, 7 దాటినవాళ్లతో పోలిస్తే 4 రెట్లకు పైగా తేలింది.

టీఎస్‌హెచ్, సీబీపీ, బీ12 విడిగా చేయించుకుంటే చాలు. థైరాయిడ్ తేడా, రక్తహీనత డిప్రెషన్‌లాగే కనిపిస్తాయి, వాటికి మందుంది.

డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9, నిద్రకి ఐఎస్ఐ ప్రశ్నావళి రెండూ ఐదు నిమిషాల పని, ల్యాబు బిల్లు లేదు. మొదటిదాంట్లో 10, రెండోదాంట్లో 15 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న ఆత్మహత్య ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఇంకేదైనా వస్తే స్కోరుతో పనిలేదు, ఆరోజే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయాలి, తెలుగులో మాట్లాడతారు.

దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదు, సీబీటీ-ఐ (ఆలోచనల్నీ నిద్ర అలవాట్లనీ మార్చే థెరపీ). అందులో ఒక భాగం ఇది: రెండు వారాలు నిద్ర డైరీ రాయండి. సగటున ఐదున్నర గంటలే నిద్ర వస్తుంటే మంచం మీద ఉండేదీ అంతే: 12కి పడుకుని 5:30కి లేవాలి, ఆదివారమైనా సరే. 5 గంటల కంటే తగ్గించకూడదు. చాలామంది మొదటి వారం పగటి మత్తుకి భయపడి వదిలేస్తారు, అక్కడే చెడుతుంది. ఫిట్స్, బైపోలార్ ఉన్నవాళ్లు, డ్రైవర్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

కార్టిసాల్‌ని నిజంగా కొలవాల్సింది కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ మితిమీరే జబ్బు) అనుమానం ఉన్నప్పుడు: తేలిగ్గా చర్మం కమిలిపోవడం, పొట్టమీద వెడల్పాటి ఊదారంగు చారలు, కూర్చుంటే లేవలేనంతగా తొడల్లో బలహీనత. అప్పుడు ఎండోక్రైనాలజిస్ట్ రాత్రి 11కి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ (ఒక స్టెరాయిడ్) ఇచ్చి పొద్దున 8కి రక్తం తీయిస్తారు, లేదా అర్ధరాత్రి లాలాజలం పరీక్ష రాస్తారు. ఆ రెండూ ఈ ప్యాకేజీల్లో ఉండవు.