వరల్డ్ కప్పా, యూరో కప్పా?

సత్యనారాయణపురంలో మా టీ కొట్టు దగ్గర ఈ ఫుట్‌బాల్ వాదన ఎప్పటికీ తెగదు. నా ఓటు వరల్డ్ కప్‌కే, ఆ కథల కోసం. 1930లో ఉరుగ్వేలో మొదటిసారి జరిగినప్పుడు ఆడినవి 13 జట్లే. ఫైనల్లో ఎవరి బంతితో ఆడాలన్న దగ్గరే పేచీ. చివరికి మొదటి సగం అర్జెంటీనా బంతి, రెండో సగం ఉరుగ్వే బంతి. తమ బంతితో ఆడినంతసేపూ అర్జెంటీనా 2-1తో ముందుంది. బంతి మారింది, ఉరుగ్వే 4-2తో కప్పు కొట్టేసింది. మన గల్లీ క్రికెట్‌లో బ్యాటు ఎవడిదైతే వాడిదే రాజ్యం, అచ్చం అలాగే!

యూరప్ దేశాలు మాత్రమే ఆడే యూరో 1960లో ఫ్రాన్స్‌లో మొదలైంది. అసలు టోర్నీలో నాలుగే జట్లు, గెలిచింది సోవియట్ యూనియన్. 1968 సెమీస్‌లో గోల్ పడకపోతే ఇటలీ టాస్‌తో ఫైనల్‌కి వెళ్లింది, నమ్ముతారా? పోటీ అక్కడే గట్టిదని మా తమ్ముడి మాట. కాదనను. కానీ బ్రెజిల్, అర్జెంటీనా లేని కప్పు నాకు ఆవకాయ లేని పప్పన్నమే.

ఇక టైమింగ్. 2022 వరల్డ్ కప్ ఫైనల్ మనకు రాత్రి 8:30కి మొదలైంది, టిఫిన్ ప్లేటు పట్టుకుని చూశాం. 2024 యూరో ఫైనల్ అర్ధరాత్రి 12:30కి. ఇంట్లోవాళ్లు లేస్తారని సౌండ్ తీసేసి, గోల్ పడినప్పుడల్లా దిండులో మొహం పెట్టి అరిచాను.