ఓడితే ఇంటికేనా, ఆదివారం ఆదివారం ఆడాలా?

దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయి కాలువలకు నీళ్ళు కట్టేశారంటే కోనసీమ పిల్లలకు చేలన్నీ మైదానాలే. ఫుట్‌బాల్ నేర్పే మా బోటి వాళ్ళ మధ్య ఏటా ఆ రోజుల్లోనే వాదన మొదలవుతుంది: పోటీ నాకౌట్‌గా (ఓడిన జట్టు అక్కడితో ఇంటికే) పెట్టాలా, లీగ్‌గా (ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతో ఆడేలా) పెట్టాలా?

నాకౌట్ కావాలనేవారు ఇంగ్లండ్‌ను చూపిస్తారు. అక్కడ పద్దెనిమిదేళ్ళ లోపు కుర్రాళ్ళ జట్లకు ఎఫ్ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) యూత్ కప్ 1952-53 సీజన్‌లో మొదలైంది. మొదటి ఐదుసార్లూ మాంచెస్టర్ యునైటెడ్‌దే కప్పు. తర్వాత ఇంగ్లండ్ జట్టుకు ఆడిన డంకన్ ఎడ్వర్డ్స్ ఆ కుర్ర జట్టులో ఆడినవాడే. ఓడితే ఇక లేదన్న మ్యాచ్‌లో పెనాల్టీ కొట్టడానికి నడిచి వెళ్ళే కుర్రాడి గుండె దడ ఏ సాధనలోనూ రాదు. అది నేనూ ఒప్పుకుంటాను. ఖర్చూ తక్కువే: 16 జట్లకు 15 మ్యాచ్‌లు, రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది.

కానీ ఆ పదహారులో ఎనిమిది జట్లకు దక్కేది ఒక్క మ్యాచే. ఒక ఏడాది మా పిల్లలు తెల్లవారుతూనే సఖినేటిపల్లి రేవులో పంటి (గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం వైపు ఆడటానికి వెళ్ళి, తొమ్మిది గంటలకల్లా ఓడిపోయారు. తిరుగు పంటి మీద మా గోల్‌కీపర్ బూట్లు ఒళ్ళో పెట్టుకుని, గోదావరి దాటేదాకా తల ఎత్తలేదు. పదమూడేళ్ళవాడు. చేసిన పొరపాటు దిద్దుకోవడానికి వాడికి మళ్ళీ ఏడాది దాకా మ్యాచ్ లేదు.

ఓటమి భయం నేర్పేవాళ్ళనూ మార్చేస్తుంది. ఒళ్ళు ఎదిగిన కుర్రాళ్ళనే దించుతాం. బంతి మీద ఒడుపున్న బక్కపిల్లవాడు గట్టు మీదే కూర్చుంటాడు. ఎనిమిది జట్ల లీగ్‌లో అయితే ఒక్కో జట్టుకు ఏడు మ్యాచ్‌లు. మూడోదానిలోనైనా వాడి వంతు వస్తుంది. మొత్తం 28 మ్యాచ్‌లకు రిఫరీలను కుదర్చడం, ప్రయాణ ఖర్చులు సమకూర్చడం కష్టమే. అయినా పడదగిన కష్టం.

ఇంగ్లండ్ సంగతి సగమే చెప్పుకుంటున్నాం. అక్కడి క్లబ్బుల అకాడమీల్లో ఆట నేర్చుకునే కుర్రాళ్ళు కప్పుతోపాటు సీజనంతా లీగ్ ఆడతారు. 1953 యూత్ కప్ ఫైనల్‌నైనా ఒక్క ఆటతో తేల్చలేదు; రెండు మ్యాచ్‌లూ కలిపి యునైటెడ్ 9-3తో వుల్వ్స్ క్లబ్బుపై గెలిచింది. మన దేశంలో 1960లో మొదలైన సుబ్రతో కప్పులోనూ పాఠశాల జట్లు ముందు గ్రూపుల్లో ఆడి, ఆపైనే నాకౌట్‌కు వెళ్తాయి.

పద్నాలుగేళ్ళ లోపు వారికి లీగే మేలు, పెద్దవాళ్ళకు రెండూ కావాలి. కాలువలకు నీరు వదిలేలోపు ఏడు ఆదివారాలు, ఎండ ముదరకముందే ఆరింటికల్లా ఆట మొదలుపెడదాం. ఎనిమిదో ఆదివారం మొదటి నాలుగు పెద్ద జట్లకు పొద్దున సెమీఫైనల్స్, సాయంత్రం చల్లబడ్డాక ఫైనల్.