సాంటానా కోసం శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తే బస మిషన్‌లోనే

సాంటానా బ్యాండ్ పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలో ముందుగా చూడాల్సింది మిషన్ డిస్ట్రిక్ట్ అనే పేట. గోల్డెన్ గేట్ వంతెన ఎక్కడికీ పోదు. మెక్సికోలోని ఔట్లాన్‌లో పుట్టిన కార్లోస్ సాంటానా, తిహువానాలో కొన్నేళ్లుండి ఈ ఊరు చేరి, 1965లో మిషన్ హైస్కూల్ చదువు ముగించాడు. మరుసటి ఏడాదే బ్యాండ్ పుట్టింది. డొలోరెస్ పార్కులో కూర్చుంటే ఆ స్కూలు ఎదురుగానే కనిపిస్తుంది.

మేము మొదట దిగింది యూనియన్ స్క్వేర్ దగ్గరి హోటల్లో. గది శుభ్రంగా ఉంది కానీ, ఫెసిలిటీ ఫీజు, పార్కింగ్ కలిశాక బుకింగ్‌లో చూసిన రేటుకీ చివరి బిల్లుకీ పొంతనే లేదు. తర్వాత మిషన్‌లో ఓ ఇంటి మేడ మీద చిన్న గదికి మారాం. లిఫ్టు లేదు, రాత్రి పొద్దుపోయేదాకా వీధి చప్పుడు. అయినా నా ఓటు దానికే. ఫ్రీమాంట్‌లో చుట్టాలున్న మనవాళ్లకు ఇంకో దారి ఉంది: పగటిపూట బార్ట్ అనే లోకల్ రైలు, మధ్యలో మారే పని లేకుండా 24వ వీధి స్టేషన్‌లో దింపుతుంది. డబ్బు మిగులుతుంది, కానీ వెనక్కి వెళ్లే తొందరలో సాయంత్రాలు పోతాయి. ఈ పేట అందమంతా సాయంత్రమే.

24వ వీధిలో ఓ కొట్టు ముందు ఇద్దరు పెద్దాయనలు కాంగాలు (చేతులతో వాయించే పొడవాటి డ్రమ్ములు) వాయిస్తున్నారు. ఒకాయన అరచేతి మడమతో చర్మాన్ని నొక్కి, వేళ్లతో ఫట్‌మని కొడుతుంటే, దరువు రెండు చేతులది కాదేమో అనిపించింది. సాంటానాను మిగతా రాక్ బ్యాండ్ల నుంచి వేరు చేసింది ఇదే. గ్రెగ్ రోలీ ఆర్గాన్, కార్లోస్ గిటార్ కింద మైకేల్ కారబెల్లో కాంగాలు, నికరాగువా నుంచి వచ్చిన చెపీటో ఏరియాస్ టింబాలీస్ (పుల్లలతో కొట్టే జంట డ్రమ్ములు) ఎప్పుడూ ఉడుకుతూనే ఉంటాయి. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో జనాన్ని ఊపేసింది కూడా ఆ దరువే. మొదటి ఆల్బమ్ అప్పటికి ఇంకా మార్కెట్లోకి రాలేదు!

ఇక్కడ టాకెరియాల్లో (చిన్న మెక్సికన్ హోటళ్లలో) బరిటో, అంటే బీన్స్ లాంటివి చుట్టిన పెద్ద రొట్టె, ఒక్కటి తింటే పూట గడిచిపోతుంది. శాకాహారులు బీన్స్‌లో పంది కొవ్వు వేశారేమో ముందే అడగండి.

గియరీ బులివార్డ్‌లోని ఫిల్‌మోర్ హాలుకు ఏదో ఒక షో టికెట్ కొనుక్కుని వెళ్లండి. సాంటానాను పైకి తెచ్చిన షోల నిర్వాహకుడు బిల్ గ్రాహం నడిపిన హాలు అది. గుమ్మం దగ్గర ఆపిల్ పండ్లు ఇప్పటికీ ఉచితమే. ఎక్కువగా నిలబడే చూడాలి, పెద్దవాళ్లకు కష్టం. బ్యాండ్ 1968లో లైవ్ రికార్డు చేసిన ఫిల్‌మోర్ వెస్ట్ వేరే హాలు, అది 1971లోనే మూతపడింది.

మూడో ఆల్బమ్ తర్వాత ఆ జట్టు చెదిరింది. రోలీ, మూడో ఆల్బమ్‌కు చేరిన గిటారిస్టు నీల్ షాన్ కలిసి జర్నీ బ్యాండ్ పెట్టారు. కార్లోస్ ఆధ్యాత్మిక గురువు శ్రీ చిన్మయ్ శిష్యుడై దేవదీప్ అనే పేరు తీసుకున్నాడు. 1999 నాటి సూపర్‌నాచురల్‌కు గ్రామీల పంట పండింది, అందులోని స్మూత్ పాట అమెరికాలో 12 వారాలు నంబర్ వన్. నాకు మాత్రం ఆ మొదటి మూడు ఆల్బమ్‌లే ఎక్కువ. పాతవాళ్లలో చాలామంది మళ్లీ కలిసి 2016లో చేసిన సాంటానా 4 విన్నప్పుడు ఆ ఇష్టం ఇంకా బలపడింది.

కార్లోస్‌ను వేదిక మీద చూడాలంటే లాస్‌వేగాస్ ఓ దారి. 2012 నుంచి అక్కడి హౌస్ ఆఫ్ బ్లూస్ హాల్లో విడతలుగా షోలు చేస్తున్నాడు. తేదీలు చూసుకున్నాకే విమానం టికెట్లు కొనండి.