లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపు, అక్కడ దొరికిన గుర్రాల పుస్తకం

విజయవాడలో పాత పుస్తకాలంటే లెనిన్ సెంటరే, కానీ అక్కడ చాలా షాపుల్లో ఇప్పుడు ఎంసెట్, గ్రూప్స్ మెటీరియలే ఎక్కువ. నేను వెళ్లిన షాపులో మాత్రం పశువైద్యం, వ్యవసాయం పుస్తకాలకి విడిగా ఒక అర ఉంది. రేసు గుర్రాల వంశావళి ఒకటి తెలుగులో రాయాల్సి వచ్చి, గుర్రాల పెంపకంలో వాడే పాత ఇంగ్లీషు మాటలు కావాలని అడిగాను. ఓనరు గారు స్టూలెక్కి అట్ట ఊడిన పుస్తకం ఒకటి దించి, దుమ్ము దులిపి ఇచ్చారు. చివరి పేజీలు కొన్ని లేవని డబ్బు తీసుకోకముందే చెప్పారు, అది నాకు బాగా నచ్చింది. 220 రూపాయలు.

పుస్తకం మాత్రం అద్భుతం. మాటకి అర్థం చెప్పి వదిలేయదు, పని ఎలా జరుగుతుందో చెబుతుంది. 'టీజర్' అనే చోట చూడండి: ఆడగుర్రం ఎదకొచ్చిందో లేదో తెలుసుకోవడానికి ముందు ఒక మామూలు మగగుర్రాన్ని చెక్క అడ్డుకి అవతల నిలబెడతారు, ఆడది చెవులు వెనక్కి పెట్టి తన్నబోతే ఇంకా సమయం కాలేదు, తోక పక్కకి తీసి నిలబడితే సిద్ధం, అప్పుడే ఖరీదైన గుర్రాన్ని తెస్తారు. 'మెయిడెన్' అంటే రేసుల్లో ఇంతవరకు గెలవని గుర్రం, పెంపకంలో మాత్రం ఇంతవరకు మగగుర్రంతో కట్టించని ఆడగుర్రం. ఇది తెలియకుండా రాస్తే వాక్యమే తారుమారవుతుంది.

'హాఫ్ బ్రదర్' సంగతి ఇంకా బాగుంది. తల్లి ఒకటే అయి తండ్రి వేరైతేనే ఆ మాట వాడతారు, తండ్రి మాత్రమే ఒకటైతే వాడరు. ఎందుకంటే పేరున్న మగగుర్రానికి ఒక్క సీజన్లోనే వందకు పైగా పిల్లలు పుట్టొచ్చు, తల్లేమో పదకొండు నెలలు మోసి మామూలుగా ఒక్కదాన్నే ఈనుతుంది. 1791లో ఇంగ్లండ్‌లో మొదలైన జనరల్ స్టడ్ బుక్‌లో, అంటే రేసు గుర్రాల వంశావళి రాసే పుస్తకంలో కూడా పిల్లల్ని తల్లి పేరు కిందే రాస్తారు.

ఎద, చూడి, కట్టించడం లాంటివి మన పల్లెల్లో పశువుల వాళ్లు రోజూ అనే మాటలే కాబట్టి తెలుగు చేయడం తేలికైంది.

షాపు ఇరుకు, లోపల వెలుతురు తక్కువ, పగలే వెళ్లండి. బేరం ఆడితే పెద్దగా తగ్గించరు. పుస్తకం పేరు తెలియకపోయినా పర్లేదు, దేనికి కావాలో చెబితే ఆయనే వెతుకుతారు. గేదెల మీద ఇలాంటిదే వస్తే పక్కన పెట్టమని నా నంబరు ఇచ్చి వచ్చాను.